‘ఫైనల్ కాలేదుగా, తర్వాత చూద్దాం’

తీర్పు చదివేది జడ్జిగారు. దాని అర్థం చెప్పేవాళ్లు మాత్రం కోర్టు వరండాలో, వేపచెట్టు కింద, టీ బండి దగ్గర, ఊరికి తిరిగెళ్లే బస్సులో బోలెడుమంది. జిల్లా కోర్టుల్లో ముప్పై ఏళ్లుగా సివిల్ దావాలు నడుపుతున్నాను. పార్టీ ఓడిపోతే బాధే గానీ, దావా అన్నాక ఎవరో ఒకరు ఓడాలి కదా అని సర్దుకుంటాను. సర్దుకోలేనిది ఇంకొకటుంది. వాదించుకోవడానికి మంచి కేసు చేతిలో ఉండి కూడా అప్పీలు వేయాల్సిన రోజున వేయనివాళ్లు, వేయడానికి వీల్లేని ఆర్డరు పట్టుకుని ఏళ్లకేళ్లు తిరిగినవాళ్లు, చివరికి పైకోర్టు గుమ్మంలోనే ఆగిపోయినవాళ్లు. వాళ్లను ఎవరో ఒకరు ప్రేమగానే తప్పుదారి పట్టించి ఉంటారు. ఆ చెప్పినవాళ్లకు చెడు ఉద్దేశం లేదు. కోర్టు నుంచి వచ్చిన ప్రతి కాగితాన్నీ ‘తీర్పు’ అనే ఒక్క మాటతో పిలవడం దగ్గరే పొరపాటు మొదలవుతుంది.

కోర్టు చెప్పినదంతా తీర్పు కాదు. తీర్పయినదంతా చివరిది కాదు. చివరిది కానివాటిలో కూడా కొన్నింటి మీద ఇప్పుడే అప్పీలు వేయాలి, ఆగితే హక్కు పోతుంది. ఇంకొన్నింటి మీద అసలు అప్పీలే లేదు, ఆగినా ఏమీ పోదు. ఈ తేడా తెలియకుండా జనం ఇచ్చుకునే సలహాలు నేను విన్నవి విన్నట్టు, వాళ్ల మాటల్లోనే ఇక్కడ పెడుతున్నాను. ఎప్పుడైనా మీ చెవిన పడితే గుర్తుపట్టి ఒక్క నిమిషం ఆగుతారని.

"ఇది ప్రిలిమినరీ డిక్రీయేగా. ఫైనల్ అయ్యాక అన్నీ కలిపి ఒకటే అప్పీలు వేద్దాం."

నేను చూసినంతలో అన్నిటికన్నా ఎక్కువ ఆస్తి పోగొట్టిన సలహా ఇది. అందులోనూ ఆడపడుచుల ఆస్తి.

కొన్నేళ్ల కిందట ఒక వేసవి సాయంత్రం అరవై దాటిన ఒకావిడ మా ఆఫీసుకు వచ్చారు. చేతిలో బట్టల కొట్టువాళ్లిచ్చే సంచి. అందులో దావా కాగితాలు, తండ్రి పేరు మీది పాత శిస్తు రసీదులు, పాసుపుస్తకం జిరాక్సు, అన్నిటికీ కలిపి పురికొసతో ఒక కట్టు. తండ్రి పోయాక వాటా కోసం ఇద్దరన్నదమ్ముల మీద దావా వేసుకున్నారు. కింది కోర్టు ఇంటినీ నాలుగెకరాల మాగాణినీ మూడు సమాన వాటాలు చేయమంది. మూడో ఐటెం రెండెకరాల కొబ్బరితోట. తండ్రి దాన్ని పెద్దకొడుకు పేర రాశారంటూ వచ్చిన వీలునామాను నమ్మి, ఆ ఐటెం వరకు దావా కొట్టేసింది. నేను సాక్ష్యం చదివాను. వీలునామా మీద సంతకం చేసిన ఇద్దరు సాక్షుల మాటలకూ పొంతన లేదు. రాసిన చోటు ఒకరు ఇల్లంటారు, ఇంకొకరు పొలమంటారు. అప్పీలులో గట్టిగా వాదించదగ్గ సంగతే.

"అప్పుడే అప్పీలు వేయలేదేమ్మా?" అని అడిగాను.

"మా వకీలుగారు వేద్దామన్నారండి. మా బావగారే వద్దన్నారు. ఇది పైపై డిక్రీ, కమిషనరొచ్చి కొలిచాక అసలు డిక్రీ వస్తది, అప్పుడు అన్నిటికీ కలిపి ఒకటే వేద్దాం, ఇప్పుడు కోర్టు ఫీజు దండగ అన్నారండి. ఆయన కోర్టులు చూసినోరు."

ఆ అసలు డిక్రీ రావడానికి నాలుగేళ్లు పట్టింది. దాని మీద అప్పీలు వేశాం. అవతలి వకీలు పెద్దగా వాదించలేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ తెరిచి 97వ సెక్షన్ చదివారు. ప్రాథమిక డిక్రీ వల్ల నష్టపోయిన పార్టీ దాని మీద అప్పీలు వేయకపోతే, తర్వాత ఫైనల్ డిక్రీ మీద వేసే అప్పీలులో ఆ ప్రాథమిక డిక్రీ తప్పని వాదించకూడదు. 1908 నాటి కోడ్‌లో ఉన్న మాట ఇది. కొబ్బరితోట గురించి నోరెత్తే అవకాశమే లేకపోయింది. పాత డిక్రీ మీద ఆలస్యాన్ని మన్నించమని వేరే దరఖాస్తు పెట్టి చూశాం. బంధువు చెప్పిన మాట విన్నాననడం నాలుగేళ్ల ఆలస్యానికి తగిన కారణంగా కోర్టు ఒప్పుకోలేదు.

ప్రాథమిక అన్న పేరే మనుషుల్ని మోసం చేస్తోంది. పాఠశాల చదువులా అసలుదానికి ముందుండే చిన్నది అనిపిస్తుంది. కోడ్‌లో డిక్రీకి ఇచ్చిన నిర్వచనం అలా లేదు. దావాలో తగువున్న విషయాలన్నిటి మీద గానీ, వాటిలో కొన్నిటి మీద గానీ, ఆ కోర్టు వరకు హక్కుల్ని ఖాయంగా తేల్చేస్తే అది డిక్రీ. తేల్చాక దావా ముగియడానికి ఇంకా పని మిగిలి ఉంటే ప్రాథమిక డిక్రీ అంటారు. మిగిలింది పని మాత్రమే. భాగపంపకాల దావాలో ఎవరికెంత, ఏ ఆస్తి పంచాలి, ఏది పంచకూడదు అన్నది ప్రాథమిక డిక్రీతో తేలిపోతుంది. ఏ చెక్క ఎవరికి, బోరు ఎవరి వాటాలోకి, దారి ఎటు అన్నది అడ్వొకేట్ కమిషనరు గొలుసు పట్టుకుని దిగాక ఫైనల్ డిక్రీలో తేలుతుంది. ‘ఎంత’ అన్న ప్రశ్న మొదటి రోజునే ముగిసింది. తనఖా దావాల్లోనూ, భాగస్వామ్య వ్యాపారం లెక్కలు తేల్చే దావాల్లోనూ ఇదే పద్ధతి.

ఈ సలహా ఊరికే పుట్టలేదు. నిజమైన మాటలు రెండు కలగలిసి ఇలా తయారైంది. వాటిని విడదీసి చూడాలి.

మొదటిది గడువు మాట. ప్రాథమిక డిక్రీ వచ్చాక ఫైనల్ డిక్రీ కోసం దరఖాస్తు పెట్టుకోవడానికి భాగపంపకాల దావాల్లో కాలపరిమితి లేదని సుప్రీంకోర్టు 2009లో స్పష్టంగా చెప్పింది. 2022లో ఇంకో అడుగు వేసి, పార్టీలు వేరే దరఖాస్తు పెట్టేదాకా ఆగకుండా ట్రయల్ కోర్టులే కేసును ఫైనల్ డిక్రీకి పిలవాలని ఆదేశించింది. చెట్టు కింద వాళ్లు విన్నది ‘గడువు లేదు’ అన్న రెండు మాటలే. గడువు లేనిది పొలం కొలిపించుకోవడానికి. ప్రాథమిక డిక్రీ తప్పు అనడానికి గడువు ఉంది. అప్పీలు జిల్లా కోర్టుకైతే 30 రోజులే.

రెండోది మన తెలుగు ఇళ్లకు బాగా దగ్గరి కథ. ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1986లో హిందూ వారసత్వ చట్టానికి రాష్ట్ర సవరణ తెచ్చింది. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలయ్యేలా, అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన వాటా ఇచ్చింది. అప్పటికే పంపకం జరిగిపోయిన ఆస్తులకు అది వర్తించదు. మరి ప్రాథమిక డిక్రీ మాత్రమే వచ్చి ఆగిన దావాల సంగతేమిటి? మన రాష్ట్రం నుంచే వెళ్లిన కేసులో సుప్రీంకోర్టు 1991లో తేల్చింది: ప్రాథమిక డిక్రీతో పంపకం జరిగిపోయినట్టు కాదు, ఫైనల్ డిక్రీతో హద్దులు ఏర్పడ్డాకే పంపకం, కాబట్టి ఈలోగా వచ్చిన చట్టం లాభం ఆడపిల్లలకు దక్కాలి. తర్వాత 2005లో కేంద్ర సవరణ దేశమంతటికీ వచ్చింది. మళ్లీ ఆంధ్రప్రదేశ్ నుంచే ఒక కేసు వెళ్లింది. 1999లో ప్రాథమిక డిక్రీ, 2003లో దానికి సవరణ, ఫైనల్ డిక్రీ మాత్రం కాలేదు. కూతుళ్లు కొత్త చట్టం ప్రకారం వాటా పెంచమన్నారు. ట్రయల్ కోర్టు పెంచింది, హైకోర్టు కాదంది, 2011 అక్టోబరులో సుప్రీంకోర్టు ట్రయల్ కోర్టు మాటే నిలబెట్టింది. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు జడ్జీల ధర్మాసనం కూతురి హక్కు పుట్టుకతోనే వస్తుందని చెప్పినప్పుడు కూడా, ప్రాథమిక డిక్రీ అయిపోయిందన్నది కూతుళ్లకు అడ్డు కారాదంది.

ఈ తీర్పులు చాలా మంచివి. నా చేతుల మీదుగా అలా వాటాలు పెరిగిన ఇళ్లున్నాయి. కానీ వీటిని పట్టుకునే కొందరు, "ఫైనల్ డిక్రీ దాకా దావా బతికే ఉంటుందని సుప్రీంకోర్టే చెప్పింది, అప్పీలు ఎందుకు?" అంటున్నారు. అక్కడ జారిపోతున్నారు. డిక్రీ తర్వాత కొత్తగా జరిగినదాన్ని, అంటే చట్టం మారడం, వాటాదారుల్లో ఒకరు చనిపోవడం లాంటివాటిని, ఆ కోర్టే లెక్కలోకి తీసుకుని వాటాలు మార్చవచ్చు. ఒకే దావాలో ఒకటికి మించి ప్రాథమిక డిక్రీలు ఉండవచ్చని 1967లోనే తీర్పుంది. అయితే ఆ కోర్టు ఒకసారి విని, తూచి, తప్పుగా తేల్చినదాన్ని మళ్లీ అదే కోర్టు దిద్దుకోదు. దాన్ని దిద్దేది పైకోర్టే, అదీ అప్పీలు వేస్తేనే. మా దగ్గరికొచ్చిన ఆవిడ విషయంలో కొత్తగా ఏమీ జరగలేదు. వీలునామా పాతదే, సాక్షులు పాతవాళ్లే, పొరపాటూ పాతదే.

అందువల్ల ప్రాథమిక డిక్రీ రాగానే వేసుకోవాల్సిన ప్రశ్న ‘దావా అయిపోయిందా?’ అన్నది కాదు. ‘నాకు నష్టం చేసిన ఈ విషయం గురించి ఈ కోర్టు మళ్లీ ఆలోచిస్తుందా?’ అని అడగండి. ఆలోచించదు అంటే ఆ విషయం వరకు మీకు చివరి తీర్పు వచ్చేసినట్టే. ఈ ప్రశ్న మీ వకీలును సూటిగా అడగండి, మొహమాటపడకండి.

"డిక్రీ కాపీ చేతికొచ్చిన రోజు నుంచి లెక్క. హైకోర్టు కాబట్టి మూడు నెలలుంటాయి."

ఈ రెండు వాక్యాల్లోనూ పొరపాట్లున్నాయి.

లిమిటేషన్ చట్టం 116వ ఆర్టికల్ ప్రకారం సివిల్ డిక్రీ మీద హైకోర్టుకు 90 రోజులు, మిగతా అప్పీలు కోర్టులకు 30 రోజులు. మీ అప్పీలు ఏ కోర్టుకు వెళ్తుందో దావా విలువను బట్టి ఉంటుంది. జూనియర్ సివిల్ జడ్జి తీర్పు మీద ఎవరూ నేరుగా హైకోర్టుకు పోరు. మా పక్క ఊరి రైతు ఒకాయన పెద్ద కేసు కదా అని హైకోర్టే అనుకుని 70వ రోజున వచ్చాడు. ఆయన గడువు నలభై రోజుల కిందటే అయిపోయింది.

ఇక తేదీ. డిక్రీ కాగితం ఎప్పుడు తయారైనా దాని మీద వేసే తేదీ తీర్పు చదివిన రోజుదే. గడువు ఆ రోజు నుంచే నడుస్తుంది. నకలు తీసుకోవడానికి పట్టిన రోజుల్ని మినహాయిస్తారు, నిజమే. అయితే లిమిటేషన్ చట్టంలో 12వ సెక్షన్ కింద ఒక వివరణ ఉంది. నకలుకు దరఖాస్తు పెట్టకముందు కోర్టు డిక్రీ తయారుచేయడానికి తీసుకున్న కాలాన్ని మినహాయించరు. ఈ ఒక్క వాక్యం తెలియక ఎన్ని ఇళ్లు చెడ్డాయో. "డిక్రీ ఇంకా గీయలేదటండీ, గీశాక పెడదాం" అని కూర్చుంటే ఆ రోజులన్నీ మీ ఖాతాలోంచే పోతాయి.

ఒక లెక్క చూద్దాం. జూన్ 1న తీర్పు. అప్పీలు జిల్లా కోర్టుకు. తీర్పు రోజు వదిలేస్తే 30వ రోజు జూలై 1. మీరు జూన్ 20న కాపీ అప్లికేషన్ పెట్టారు, జూలై 5న కాపీ సిద్ధమైంది. ఆ రెండు తేదీలతో కలిపి 16 రోజులు మినహాయింపు. గడువు జూలై 17 దాకా వెళ్తుంది. అదే జూలై 2న పెట్టి ఉంటే? అప్పటికే గడువు దాటింది, మినహాయించడానికి ఏమీ లేదు.

సర్టిఫైడ్ కాపీ చేతికి రాగానే అందరూ చివరి పేజీ తిప్పి గెలిచామా ఓడామా చూస్తారు. మీరు దాని మీది ముద్ర కూడా చూడండి. రబ్బరు స్టాంపు గళ్లలో చేత్తో రాసిన తేదీలుంటాయి: అప్లికేషన్ పెట్టిన తేదీ, స్టాంపులు అడిగిన తేదీ, అవి దాఖలు చేసిన తేదీ, కాపీ సిద్ధమైన తేదీ, ఇచ్చిన తేదీ. మీ అప్పీలు బతుకు ఆ ఐదు గళ్లలో ఉంటుంది. స్టాంపులు అడిగాక మీరు వాటిని దాఖలు చేయడంలో చేసిన జాప్యం మీ మీదే పడుతుంది. కాపీ సిద్ధమయ్యాక మీరు వెళ్లి తీసుకోని రోజులూ అంతే. మా గుమాస్తా తీర్పు చెప్పిన సాయంత్రమే, గెలిచినా ఓడినా, కాపీ అప్లికేషన్ పెట్టి వస్తాడు. గెలిచిన పార్టీకి కూడా కావాలి, ఎందుకంటే సగం గెలిచినవాళ్లే సగం ఓడారన్న సంగతి మర్చిపోతారు.

అప్పీలు వేయడానికి డిక్రీ కాపీ కోసమే ఆగాల్సిన పనిలేదు కూడా. ఇప్పుడు కోడ్ ప్రకారం తీర్పు కాపీతో అప్పీలు దాఖలు చేయవచ్చు.

"ఆర్డరు మనకు వ్యతిరేకంగా వచ్చింది. వెంటనే పైకోర్టుకు పోకపోతే ఒప్పుకున్నట్టే లెక్క."

ముందు చెప్పినదానికి ఇది అచ్చం తిరగబడ్డ తప్పు. అక్కడ ఆగి చెడ్డారు, ఇక్కడ పరుగెత్తి చెడతారు.

దావా నడుస్తుండగా ఐ.ఎ.లు, అంటే మధ్యలో పెట్టే దరఖాస్తులు, ఎన్నో పడతాయి. సాక్షిని మళ్లీ పిలవమని, పత్రం తీసుకోమని, ప్లెయింటు (దావా పత్రం) సవరించుకోనివ్వమని. వీటిలో చాలావాటి మీద అప్పీలు లేదు. అప్పీలుకు వీలున్న ఆర్డర్ల పట్టిక కోడ్‌లోని 43వ ఆర్డరులో ఉంది: ఇంజంక్షన్ ఇవ్వడం, నిరాకరించడం, రిసీవరు నియామకం, వేలం కొట్టివేత, ప్లెయింటు వాపసు, ఎక్స్‌పార్టీ డిక్రీ రద్దుకు నిరాకరణ, కేసును కింది కోర్టుకు తిప్పి పంపడం లాంటివి. ఆ పట్టికలో ఉంటే సి.ఎం.ఎ., అంటే ఆ ఆర్డరు మీద అప్పీలు, వేయండి, గడువులోపు వేయండి. లేకపోతే చాలాసార్లు ఆగడమే మేలు.

ఆగితే ఏమీ పోదని చట్టమే హామీ ఇచ్చింది. 105వ సెక్షన్. మధ్యలో వచ్చిన ఆర్డరులో పొరపాటు చివరి తీర్పును దెబ్బతీసి ఉంటే, తీర్పు మీద వేసే అప్పీలు గ్రౌండ్స్‌లోనే ఆ పొరపాటును ఎత్తిచూపవచ్చు. ఒక్క మినహాయింపు, రిమాండు ఆర్డరు. పై కోర్టు కేసును తిరిగి విచారించమని వెనక్కి పంపితే, దాని మీద అప్పీలు ఉండీ వేయకపోతే, తర్వాత అది తప్పనడానికి వీల్లేదు.

ఒక పార్టీ పత్రాన్ని కోర్టు తీసుకోలేదని హైకోర్టుకు వెళ్లారు. రాజ్యాంగం 227వ అధికరణం కింద సి.ఆర్.పి. (సివిల్ రివిజన్ పిటిషన్), దాని మీద స్టే. దావా అక్కడే నిలిచిపోయింది. వాళ్ల ముఖ్య సాక్షి ఊరి పాత కరణం, దస్తావేజు రాసినాయన, ఎనభై దాటారు. స్టే ఉన్న రెండో ఏడాది ఆయన పోయారు. సి.ఆర్.పి. గెలిచారు. పత్రం లోపలికి వచ్చింది. దాన్ని చూసి "ఇది నా రాత" అని చెప్పే మనిషి లేడు.

రివిజన్ విషయంలో ఒక గట్టి కొలబద్ద ఉంది. కోడ్‌లోని 115వ సెక్షన్‌ను మార్చాక, 2002 జూలై నుంచి, సివిల్ రివిజన్ వేయాలంటే ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి: ఆ ఆర్డరు మీకు అనుకూలంగా వచ్చి ఉంటే దావా అంతటితో ముగిసేదా? ముగిసేదైతే రివిజన్ ఉంది, లేకపోతే లేదు. ప్లెయింటును తిరస్కరించమని ప్రతివాది వేసిన ఐ.ఎ. తీసుకోండి. కోర్టు తిరస్కరిస్తే అది చట్టం దృష్టిలో డిక్రీయే, వాది మామూలు అప్పీలు వేసుకోవాలి. తిరస్కరించను, విచారణ జరగాలి అంటే అది ఆర్డరు, అప్పీలు లేదు. కానీ ప్రతివాది కోరినట్టు జరిగి ఉంటే దావా ముగిసేదే కాబట్టి రివిజన్ ఉంది. ఒకే దరఖాస్తు, ఒకే జడ్జి, ఫలితాన్ని బట్టి రెండు దారులు. దరఖాస్తు పేరు చూసి అప్పీలుందో లేదో చెప్పేవాళ్ల మాట అందుకే వినకండి.

క్రిమినల్ కేసుల్లో ఈ ఆలోచన సోషలిస్టు నాయకుడు మధు లిమయే మీద పెట్టిన పరువునష్టం కేసు నుంచి స్థిరపడింది. మధ్యంతర ఉత్తర్వుల మీద రివిజన్ లేదని చట్టం. చివరిది కానిదంతా మధ్యంతరమేనా? 1977లో సుప్రీంకోర్టు కాదంది, ఆ రెంటికీ నడుమ ఇంకో రకం ఉందని చెప్పింది. నిందితుడి అభ్యంతరాన్ని ఒప్పుకుని ఉంటే కేసే ముగిసిపోయేదైతే, దాన్ని కాదన్న ఉత్తర్వు ఉత్త మధ్యంతరం కాదు. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ ఆ పాత నిషేధం అలాగే ఉంది. కాబట్టి వాయిదా ఇవ్వలేదని, సాక్షిని పిలవమన్నారని రివిజన్ వేయకండి.

"వాయిదాకు రాలేదని దావా కొట్టేశారు. అప్పీలు వేసేద్దాం."

వద్దు. గైరుహాజరు వల్ల కొట్టేసిన ఉత్తర్వు డిక్రీ కాదని నిర్వచనంలోనే రాసి ఉంది. వెళ్లాల్సింది అదే కోర్టుకు, 30 రోజుల్లోపు, ఎందుకు రాలేకపోయారో చెప్పుకుంటూ. ఆస్పత్రి కాగితం ఉంటే జతచేయండి. అక్కడ కాదంటే అప్పుడు ఆ కాదన్న ఆర్డరు మీద సి.ఎం.ఎ.

ప్రతివాది రాకపోతే వచ్చే ఎక్స్‌పార్టీ డిక్రీ సంగతి వేరు. అది డిక్రీయే. దానికి రెండు దారులు: అదే కోర్టులో రద్దు కోరడం, లేదా పైకోర్టుకు అప్పీలు. సమన్లు అందలేదన్నది మీ బాధ అయితే మొదటిది. ముందే అప్పీలు వేసి, అది విచారణలో కొట్టేయించుకుంటే, తర్వాత మొదటి దారి మూసుకుపోతుంది. ఈ క్రమం తప్పకండి.

"అప్పీలు వేశాంగా, ఇక డిక్రీ ఆగినట్టే."

ఆగదు. స్టే విడిగా అడగాలి, ఇస్తేనే ఆగుతుంది. అప్పీలు నెంబరు పడిందని ధైర్యంగా ఇంట్లో కూర్చున్నవాళ్ల గుమ్మంలోకి డిక్రీ అమలు పిటిషన్ (ఇ.పి.)లో కోర్టు అమీను వచ్చిన రోజులున్నాయి. "ఆరు నెలలైతే స్టే దానంతటదే పోతుంది" అని ఇప్పటికీ అంటున్నారు. సుప్రీంకోర్టు 2018 తీర్పులో అలా ఉండేది. 2024 ఫిబ్రవరి 29న ఐదుగురు జడ్జీల ధర్మాసనం దాన్ని పక్కనపెట్టింది.

"లోక్ అదాలత్‌లో సంతకం పెట్టెయ్. నచ్చకపోతే తర్వాత అప్పీలు వేసుకోవచ్చు."

దయచేసి ఈ మాట ఎవరికీ చెప్పకండి. లోక్ అదాలత్ మంచిది, నేను స్వయంగా ఎన్నో కేసులు అక్కడ రాజీ చేయించాను, కోర్టు ఫీజు కూడా తిరిగొస్తుంది. కానీ అక్కడి అవార్డు సంతకం ఆరేలోపే చివరిదవుతుంది. లోక్ అదాలత్‌లకు సంబంధించిన 1987 చట్టం 21వ సెక్షన్ ప్రకారం దాని మీద ఏ కోర్టుకూ అప్పీలు లేదు. చాలా పరిమితమైన కారణాలతో హైకోర్టులో రిట్ వేయడం ఒక్కటే దారి. మామూలు కోర్టులో రాజీ డిక్రీకి కూడా అప్పీలు లేదు. మోసంతో సంతకం పెట్టించారంటే ఆ కోర్టుకే వెళ్లి చెప్పుకోవాలి.

ఆ రోజు హాలంతా సందడిగా ఉంటుంది. పెద్దమనుషులు భుజం మీద చెయ్యేసి తొందరపెడతారు. కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. "ఇది తెలుగులో చదివి చెప్పండి, తర్వాతే సంతకం" అనండి. సర్వే నెంబరు, విస్తీర్ణం, డబ్బు ఏ తేదీలోపు ఇస్తారు, ఇవ్వకపోతే ఏమవుతుంది, ఈ నాలుగూ వేలు పెట్టి చూపించమనండి. అదాలత్ వాళ్లెవరూ కాదనరు.

మొదట చెప్పిన ఆవిడ అప్పీలు పూర్తిగా పోలేదు. ఫైనల్ డిక్రీలో ఆమెకు వచ్చిన చెక్కకు దారి లేదు, మాగాణికి నీళ్లిచ్చే బావి ఇద్దరన్నదమ్ముల వాటాల మధ్య పడింది. అది కొలతల సంగతి కాబట్టి వాదించనిచ్చారు. కమిషనరును మళ్లీ పంపారు. ఎనిమిదడుగుల దారి, బావి మీద మూడో వంతు హక్కు ఇచ్చారు. హద్దురాళ్లు పాతిన రోజున నేనూ వెళ్లాను. ఆవిడ కొత్త దారి చివరిదాకా నడిచి, గట్టు మీద నిలబడి, అవతలి తోటలో కాయలు దింపుతున్న మనుషుల్ని కాసేపు చూశారు. "ఆ మూల చెట్లు నాన్నగారు నా పెళ్లయిన ఏడు పెట్టించారండి" అన్నారు.